‘పుట్ అప్’ పక్కన ఏం రావాలి? ఐదు ఉచిత ఆన్‌లైన్ నిఘంటువుల సమీక్ష

‘పుట్ అప్ విత్’ అంటే భరించడం, ‘రన్ అవుట్ ఆవ్’ అంటే అయిపోవడం, ‘లుక్ ఫార్వర్డ్ టు’ అంటే ఆశగా ఎదురుచూడడం. ఈ అర్థాలు ఏ నిఘంటువులోనైనా పది సెకన్లలో దొరుకుతాయి. అర్థం తెలిసినవాళ్ళే ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాస్తారు. ‘ప్లీజ్ టర్న్ ఆఫ్ ఇట్’ అంటారు. ‘వాట్ ఆర్ యు లుకింగ్?’ అని అడుగుతారు. అర్థంలో లోటు లేదు. క్రియ పక్కన వచ్చే చిన్న మాటలు ఎక్కడ కూర్చోవాలో, వాటి తర్వాత ఏ రూపం రావాలో తెలియకపోవడమే లోటు.

అందుకే ఈ సమీక్షలో నిఘంటువులకు పెట్టిన పరీక్ష అర్థాల పరీక్ష కాదు. ఫ్రేజల్ వెర్బ్ కోసం, అంటే క్రియకు చిన్న మాటలు తోడై ఒకే అర్థమిచ్చే ఇలాంటి కూర్పు కోసం, వెతికినవాడికి నాలుగు సంగతులు తేలాలి. ఆబ్జెక్ట్ మధ్యలో దూరుతుందా, దూరదా? ‘ఇట్’, ‘హిమ్’ లాంటి సర్వనామం వస్తే ఎక్కడ పెట్టాలి? చివర ఏ ప్రిపోజిషన్ రావాలి, అది మారితే అర్థం మారుతుందా? ఆ తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమా, ‘టు’తో మామూలు రూపమా? లాంగ్‌మన్, బ్రిటానికా, కాలిన్స్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్ అనే ఐదు సైట్లనూ ఈ నాలుగు ప్రశ్నలతోనే చూశాం. ఐదింటిలోనూ ఖాతా తెరవకుండానే మాట వెతుక్కోవచ్చు. ప్రకటనల చికాకు మాత్రం ఉంటుంది.

ముందుగా ఒక సర్దుబాటు. తెలుగు లిపిలో రాస్తే ఒక ఎఫ్ ఉన్న మాట, రెండు ఎఫ్‌లు ఉన్న మాట రెండూ ‘ఆఫ్’ అయిపోతాయి. ఇక్కడ ఒక ఎఫ్ ఉన్నదాన్ని ‘ఆవ్’ అని, రెండు ఉన్నదాన్ని ‘ఆఫ్’ అని రాస్తున్నాం. అసలు ఉచ్చారణ కూడా దాదాపు అంతే. ‘డిస్పోజ్ ఆవ్’ అని ఉండాల్సిన చోట రెండు ఎఫ్‌లతో రాసే తప్పు పుట్టింది రెంటినీ ఒకేలా పలకడం వల్లే.

నిఘంటువుల్లోకి వెళ్ళేముందు, అవి చూపించాల్సింది ఏమిటో తెలియాలి. పైకి ఒకేలా కనిపించే ఈ కూర్పుల్లో మూడు రకాలున్నాయి.

మొదటి రకంలో క్రియకు ప్రిపోజిషన్ తోడవుతుంది: ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఫర్’, ‘కోప్ విత్’. ఇందులో ఆబ్జెక్ట్ ఎప్పుడూ చివరే. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనాలి, ‘లుక్ హిమ్ ఆఫ్టర్’ అనకూడదు. రెండో రకంలో తోడయ్యేది ప్రిపోజిషన్ కాదు, అడ్వర్బ్ లాంటి పార్టికల్: ‘టర్న్ ఆఫ్’, ‘పిక్ అప్’, ‘పుట్ ఆఫ్’. ఇక్కడ మామూలు నామవాచకం ఎటైనా కూర్చుంటుంది. ‘టర్న్ ద లైట్ ఆఫ్’, ‘టర్న్ ఆఫ్ ద లైట్’ రెండూ సరే. సర్వనామం వస్తే మాత్రం మధ్యలోనే ఉండాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ఆబ్జెక్ట్ పొడుగ్గా ఉంటే, ఉదాహరణకు ‘ఆల్ ద లైట్స్ ఇన్ ద కారిడార్’ అన్నంత ఉంటే, పార్టికల్‌ను క్రియ పక్కనే ఉంచి ఆ పొడుగు మాటను వెనక్కి నెట్టడం మేలు. లేకపోతే వినేవాడు ‘ఆఫ్’ ఎప్పుడొస్తుందా అని కాచుకోవాలి.

మూడో రకమే ఈ సమీక్షకు అసలు కారణం. క్రియ, పార్టికల్, ప్రిపోజిషన్ మూడూ వరసగా వస్తాయి: ‘పుట్ అప్ విత్’, ‘రన్ అవుట్ ఆవ్’, ‘కట్ డౌన్ ఆన్’, ‘గెట్ అవే విత్’. మామూలుగా దీన్ని విడదీయరు, ఆబ్జెక్ట్ చివరికే వెళ్తుంది. అయితే రెండు ఆబ్జెక్ట్‌లు కోరేవి కొన్ని ఉన్నాయి. ‘టేక్ ఇట్ అవుట్ ఆన్ హర్’ అంటే ఎక్కడిదో కోపం తెచ్చి ఆమె మీద చూపించడం. ఒకటి మధ్యలో, ఒకటి చివర. ‘పుట్ ఇట్ డౌన్ టు బ్యాడ్ లక్’ అంటే దాన్ని దురదృష్టం ఖాతాలో వేయడం. ‘టాక్ హిమ్ అవుట్ ఆవ్ రిజైనింగ్’ అంటే రాజీనామా ఆలోచన మాన్పించడం. వీటిలో ఒక ఆబ్జెక్ట్ మరిచిపోతే వాక్యం కుంటుతుంది.

మూడో రకంలో ప్రిపోజిషన్‌ను అలంకారంగా చూడకూడదు. ‘స్టాండ్ అప్ టు’ అంటే ఎదిరించి నిలబడడం, ‘స్టాండ్ అప్ ఫర్’ అంటే వెనకేసుకు రావడం. ఒక్క చిన్న మాట మారితే మనిషి పక్షమే మారిపోతుంది. ‘క్యాచ్ అప్ విత్’ అంటే ముందున్నవాణ్ణి అందుకోవడం, ‘క్యాచ్ అప్ ఆన్’ అంటే పేరుకుపోయిన పని, నిద్ర, కబుర్లు పూర్తి చేసుకోవడం. ‘ఫాల్ అవుట్ విత్’ పక్కన గొడవపడిన మనిషి వస్తాడు, ‘ఫాల్ అవుట్ ఓవర్’ పక్కన గొడవకు కారణం వస్తుంది. ‘మేక్ అప్ ఫర్’ నష్టాన్ని పూడ్చడం, ‘మేక్ అప్ విత్’ అలక తీరి కలిసిపోవడం. ‘గివ్ అప్’ అంటే మానేయడం, ‘గివ్ అప్ ఆన్’ అంటే ఆశ వదులుకోవడం. నిఘంటువు ఈ తేడాను పైకి కనిపించేలా పెట్టిందా, ఉదాహరణల అడుగున దాచేసిందా అన్నదే మన కొలబద్ద.

ఇక సైట్లు.

లాంగ్‌మన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఒకే ఒక్క ట్యాబ్ తెరిచి ఉంచుకోవాల్సి వస్తే తెరవాల్సింది ఇదే. 1978లో అచ్చులో వచ్చిన విద్యార్థుల నిఘంటువుకు ఇది ఆన్‌లైన్ రూపం. ఆబ్జెక్ట్ అటూ ఇటూ కదలగలిగితే, శీర్షికలోనే రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు పెడుతుంది. ‘టర్న్’, ‘సమ్‌థింగ్’, బాణం, ‘ఆఫ్’ అన్న వరస కనిపిస్తే ఆ రెండు మాటలూ చోట్లు మార్చుకోవచ్చని అర్థం. బాణం లేకుండా ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని ఉంటే ఉన్నచోటే ఉండాలి. దీంతో మొదటి ప్రశ్న తేలిపోతుంది. రెండో ప్రశ్నకు బాణం నేరుగా జవాబివ్వదు. బాణం ఉన్నచోట సర్వనామం మధ్యలోనే రావాలన్న నియమం మనమే గుర్తుపెట్టుకోవాలి. బాణాన్ని చూసి ‘టర్న్ ఆఫ్ ఇట్’ కూడా సరేననుకునేవాళ్ళు ఇక్కడే పడతారు.

మూడో ప్రశ్నకు లాంగ్‌మన్ జవాబు బాగుంది. చివర ఫలానా ప్రిపోజిషన్ రావచ్చు అనే చోట కూడిక గుర్తు పెట్టి దాని పక్కన ‘ఆవ్’, ‘విత్’ అని రాస్తుంది. ‘రన్ అవుట్’ దగ్గర ఈ వివరమే చాలామందికి కావాలి. వస్తువే అయిపోతే ‘ద మనీ రాన్ అవుట్’, అక్కడ ప్రిపోజిషన్ అక్కర్లేదు. మనిషి దగ్గర అయిపోతే ‘వి రాన్ అవుట్ ఆవ్ మనీ’. తెలుగులో రెంటికీ ‘డబ్బు అయిపోయింది’ అనే అంటాం, ‘మాకు’ చేరుస్తామంతే. అందుకే మనకు కర్త మారుతుందన్న స్పృహ ఉండదు. నాలుగో ప్రశ్నకు ‘లుక్ ఫార్వర్డ్ టు డూయింగ్ సమ్‌థింగ్’ అని ముదురు అక్షరాల్లో విడిగా చూపిస్తుంది. ఒక్కోచోట తప్పు గుర్తు పెట్టి ‘ఇలా అనొద్దు’ అని హెచ్చరించే పెట్టెలు కూడా ఉంటాయి. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ పెట్టొద్దనే హెచ్చరిక అలాంటిదే.

ఇంకో సదుపాయం: చాలా ఉదాహరణ వాక్యాలకు ఆడియో ఉంటుంది. ఫ్రేజల్ వెర్బ్‌ల విషయంలో ఇది మురిపెం కోసం పెట్టింది కాదు. పార్టికల్‌ను ఒత్తి పలుకుతారు, ప్రిపోజిషన్‌ను తేల్చేస్తారు. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో బలం ‘ఆఫ్’ మీద, ‘లుక్ ఎట్ ఇట్’లో బలం ‘లుక్’ మీద. ‘పుట్ అప్ విత్’లో ‘అప్’ గట్టిగా వినిపిస్తుంది, ‘విత్’ నీరసంగా వినిపిస్తుంది. ఏది పార్టికలో, ఏది ప్రిపోజిషనో కాగితం మీద తేలనప్పుడు చెవితో తేల్చుకోవచ్చు. లోపం ఏమిటంటే పేజీ బరువు. ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’ లాంటి క్రియల పేజీ తెరిస్తే ఫ్రేజల్ వెర్బ్‌లన్నీ అట్టడుగున ఉంటాయి. ఫోనులో వేలు అరిగేదాకా జరపాలి. వెతుకుడు పెట్టెలో మొత్తం కూర్పును టైపు చేస్తే ఈ బాధ తప్పుతుంది.

బ్రిటానికా నిఘంటువు గురించి మన దగ్గర మాట్లాడుకునేవాళ్ళు తక్కువ. ఇది మెరియమ్-వెబ్‌స్టర్ వారు ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన నిఘంటువే. గుర్తులు, సంక్షేపాలు అంటే బెదిరేవాళ్ళకు ముందు ఇదే చూపించాలి. ఇందులో బాణాలు లేవు. ‘టర్న్ ఆఫ్ సమ్‌థింగ్ ఆర్ టర్న్ సమ్‌థింగ్ ఆఫ్’ అని రెండు వరసలనూ మాటల్లోనే రాసేస్తుంది. విడదీయరాని దానికి ఒకటే వరస ఉంటుంది. చదవగలిగితే చాలు, నేర్చుకోవాల్సిన సంకేతం ఏదీ లేదు. ప్రిపోజిషన్ విషయంలో ‘తరచుగా విత్‌తో’ అన్న తరహా గమనికలు పెడుతుంది. ఉదాహరణ వాక్యం మధ్యలోనే దాని అర్థాన్ని ఇంకో సులువైన మాటలో అందిస్తుంది. చిక్కు ఒకటే. దీని మొగ్గు అమెరికన్ వాడుక వైపు. బ్రిటిష్ వాళ్ళు మనుషులతో సఖ్యంగా ఉండడాన్ని ‘గెట్ ఆన్ విత్’ అని ఎక్కువగా అంటారు, అమెరికన్లకు ‘గెట్ అలాంగ్ విత్’ అలవాటు. ఫారం నింపడాన్ని ‘ఫిల్ ఇన్’ అని బ్రిటన్‌లో, ‘ఫిల్ అవుట్’ అని అమెరికాలో ఎక్కువగా వింటాం. మనకు బ్రిటిష్ వాడుకతో పని ఉంటే పక్కన ఇంకో నిఘంటువు ఉండాలి.

కాలిన్స్ సైటులో మనకు కావాల్సింది అందులోని కోబిల్డ్ భాగం. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో, నిజంగా వాడిన ఇంగ్లీషు పాఠాలను కంప్యూటర్‌లో పోగుచేసి తయారుచేసిన నిఘంటువు అది. మొదటి కూర్పు 1987లో వచ్చింది. దీని ప్రత్యేకత అర్థాన్ని పూర్తి వాక్యంలో చెప్పడం. ‘మీరు దేన్నైనా పుట్ అప్ విత్ చేస్తున్నారంటే...’ అన్న పద్ధతిలో మొదలవుతుంది వివరణ. ఫ్రేజల్ వెర్బ్‌లకు ఈ పద్ధతి భలే కుదిరింది. అర్థం చదువుతుండగానే ఆబ్జెక్ట్ చోటు కళ్ళకు కడుతుంది. మనిషి వస్తాడా, వస్తువు వస్తుందా అన్నదీ తెలిసిపోతుంది.

ఉదాహరణ వెనకాల ‘వెర్బ్ పార్టికల్ నౌన్’, ‘వెర్బ్ నౌన్ పార్టికల్’, ‘వెర్బ్ పార్టికల్ పార్టికల్ నౌన్’ అని కూర్పు నమూనా కూడా ఇస్తుంది. ‘ఇంగ్’ రూపం రావాల్సిన చోట అదీ నమూనాలోనే కనిపిస్తుంది. ఐదింటిలో ఇంత కచ్చితమైన సమాచారం ఇంకెక్కడా లేదు, ఇది మొదటిసారి చూసేవాణ్ణి ఇంతగా బెదరగొట్టేదీ లేదు. ‘పుట్ అప్ విత్’లో ‘విత్’ను కూడా ఇది పార్టికల్ అనే అంటుందని గమనించాలి. వ్యాకరణ పుస్తకాల్లో దాన్ని ప్రిపోజిషన్ అంటారు. పేరు ఏదైనా వరస ఒకటే కాబట్టి కంగారు పడక్కర్లేదు. కాలిన్స్‌లో జాగ్రత్త పడాల్సింది మరొకటి ఉంది. ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి వేర్వేరు నిఘంటువులు పేర్చి ఉంటాయి. కోబిల్డ్ భాగం దాటి కిందికి జారితే, మాతృభాషీయుల కోసం రాసిన నిఘంటువులో పడతారు. అక్కడ అర్థాలు ఉంటాయి గానీ ఈ నమూనాలుండవు. చూసేది ఏ భాగమో పైన పేరు చూసుకోవాలి.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్‌కు ఈ ఐదింటిలో పాత వంశం ఉంది. ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ రూపొందించిన నిఘంటువు 1942లో అక్కడే అచ్చయింది, దాని వారసురాలే ఇది. పరాయి భాషవాళ్ళకు క్రియల కూర్పే కష్టమన్న గ్రహింపు మొదటి నుంచీ దీనిలో ఉంది. రెండు ఆబ్జెక్ట్‌లు కోరే కూర్పుల దగ్గర దీని పనితనం కనిపిస్తుంది. ‘పుట్ సమ్‌బడీ ఆఫ్ సమ్‌థింగ్’ అని శీర్షికే మొత్తం చట్రాన్ని ఇస్తుంది. ఒక మనిషికి ఒకదాని మీద విరక్తి కలిగించడం అన్నమాట. ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ అన్న వాయిదా అర్థానికి అది వేరే శీర్షిక. చట్రం మారితే అర్థం మారుతుందని ఇంతకన్నా శుభ్రంగా చూపించలేం. ‘బ్రేక్ డౌన్’ దగ్గర ‘బ్రేక్‌డౌన్’ అనే నామవాచకాన్ని కూడా చూడమని దారి చూపుతుంది. కొత్తవాళ్ళకు మాత్రం ఇదే మొదటి మెట్టు కానక్కర్లేదు.

కేంబ్రిడ్జ్ నిఘంటువు అర్థాలు ఐదింటిలోకీ తేలికైన మాటల్లో ఉంటాయి. చాలా అర్థాల పక్కన ఏ1 నుంచి సి2 దాకా స్థాయి గుర్తు ఉంటుంది, ముందు ఏది నేర్చుకోవాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. కూర్పు సంగతికి వస్తే నిఘంటువు పేజీ కంటే దాని పక్క గది మేలు. అదే సైటులోని వ్యాకరణ విభాగంలో ఫ్రేజల్ వెర్బ్, ప్రిపోజిషనల్ వెర్బ్, ఫ్రేజల్-ప్రిపోజిషనల్ వెర్బ్ అని పైన చెప్పిన మూడు రకాలనూ విడదీసి ఉదాహరణలతో వివరించారు. నిఘంటువు వాడేవాళ్ళలో చాలామంది ఆ గుమ్మం తొక్కరు. ఐదు సైట్లలో నియమాన్ని నియమంగా, ఒకచోట కూర్చి చదువుకోవాలంటే వెళ్ళాల్సింది అక్కడికే.

మాక్‌మిలన్ ఏదీ అని అడగొచ్చు. పాత సిఫారసు జాబితాల్లో ఆ పేరు ఇంకా తిరుగుతోంది. ఆ ఆన్‌లైన్ నిఘంటువును 2023 జూన్ చివర మూసేశారు, వెతకడం దండగ.

ఇప్పుడు ఐదింటికీ కలిపి ఒక ఫిర్యాదు. ఇవి ప్రపంచంలో అందరికీ కలిపి రాసినవి కాబట్టి, తెలుగువాడు సరిగ్గా ఎక్కడ జారుతాడో వీటికి తెలియదు. ఆ పని మనమే చేసుకోవాలి.

మన భాషలో విభక్తి నామవాచకానికి వెనక అతుక్కుంటుంది. ‘దేని కోసం వెతుకుతున్నావు?’ అంటే ‘కోసం’ ప్రశ్న మాటతోపాటే వాక్యం మొదట్లోకి వచ్చేసింది. ఇంగ్లీషులో ‘వాట్’ ఒక్కటే ముందుకు వెళ్తుంది, ‘ఫర్’ క్రియ దగ్గరే ఒంటరిగా మిగులుతుంది: ‘వాట్ ఆర్ యు లుకింగ్ ఫర్?’ మన చెవికి చివర ఏదో వేలాడుతున్నట్టుంటుంది కాబట్టి కత్తిరించేస్తాం. ‘నేను కూర్చున్న కుర్చీ’ దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. ‘మీద’, ‘లో’ ఏదీ లేకుండానే తెలుగు వాక్యం నిండుగా ఉంది. ఆ నిండుదనంతోనే ‘ద చైర్ ఐ శాట్’ అనేస్తాం, ‘ఆన్’ పోతుంది. కర్మణి వాక్యంలోనూ అంతే. ‘హి వాజ్ లుక్డ్ ఆఫ్టర్ వెల్’లో ‘ఆఫ్టర్’ తర్వాత ఆబ్జెక్ట్ లేదని దాన్ని తీసేస్తే ‘వాణ్ణి చూశారు’ అన్నట్టవుతుంది.

నిఘంటువులు ఉదాహరణలన్నీ ఎక్కువగా మామూలు వాక్యాల్లో ఇస్తాయి. కాబట్టి కొత్త కూర్పు దొరికినప్పుడల్లా దాన్ని ప్రశ్నగా ఒకసారి, ‘ద థింగ్ ఐ...’ అని మొదలయ్యే పదబంధంగా ఒకసారి తిప్పి చూసుకోవాలి. ‘కట్ డౌన్ ఆన్’ తీసుకుంటే ‘వాట్ ఆర్ యు కటింగ్ డౌన్ ఆన్?’, ‘ద థింగ్ ఐ యామ్ కటింగ్ డౌన్ ఆన్’. రెంటిలోనూ చివరి రెండు చిన్న మాటలూ ఉన్నాయా లేవా అన్నదే సరిచూసుకోవాల్సింది.

‘కోప్ అప్ విత్’ తప్పు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అలాంటి కూర్పు ప్రామాణిక ఇంగ్లీషులో లేదు, ఉన్నది ‘కోప్ విత్’ మాత్రమే. ‘కీప్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ అన్న మూడూ ఒకే బాణీలో నడవడంతో నాలుగోది కూడా ఆ బాణీలోనే ఉంటుందని నాలుక అనుకుంటుంది. ఐదు సైట్లలో దేనిలోనైనా ‘కోప్’ పేజీ తెరిస్తే ‘విత్’ ఒక్కటే కనిపిస్తుంది, ‘అప్’ ఉండదు. అదే రుజువు.

‘టు’ దగ్గర పడే గొడవకు చిన్న పరీక్ష ఉంది. ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది, కాబట్టి ఈ ‘టు’ ప్రిపోజిషన్. తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ తగిలించాలి. ‘గెట్ అరౌండ్ టు’, ‘ఓన్ అప్ టు’ కూడా అంతే: ‘ఐ నెవర్ గాట్ అరౌండ్ టు రీడింగ్ ఇట్’, ‘హి ఓన్డ్ అప్ టు బ్రేకింగ్ ఇట్’. ‘సెట్ అవుట్ టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూస్తే కుదరదు. కాబట్టి అది క్రియకు చెందిన ‘టు’, మామూలు రూపమే రావాలి: ‘షి సెట్ అవుట్ టు ప్రూవ్ ఇట్’. ‘గో ఆన్’ రెండు రకాలుగానూ వస్తుంది, అర్థం మారుతుంది. ‘హి వెంట్ ఆన్ టాకింగ్’ అంటే మాట్లాడుతూనే పోయాడు. ‘హి వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ మనీ’ అంటే వేరే సంగతి ముగించి డబ్బు గురించి ఎత్తుకున్నాడు.

ఇక తెలుగువాడికి కలిసొచ్చేదీ ఒకటుంది. ‘తిను’కు ‘తినేయి’, ‘తాగు’కు ‘తాగేయి’ ఉన్నట్టే ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’, ‘యూజ్ అప్’ ఉన్నాయి. ఇక్కడ ‘అప్’కు పైకి అన్న అర్థం లేదు. మన ‘ఏయ్’ లాగా పని పూర్తిగా ముగిసిందని చెప్పడానికే వచ్చింది. పార్టికల్ అంటే దిక్కు అని మాత్రమే నేర్పే పాఠాల కంటే ఈ పోలిక ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. పరాయివాళ్ళకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమయ్యేవి ఇలాంటి క్రియా కూర్పులేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో ఒప్పుకున్నాడు. ‘వెళ్ళు’కూ ‘వెళ్ళిపో’కూ తేడా చెప్పమంటే మనమూ నీళ్ళు నములుతాం కదా.

వెతకడంలో జరిగే పొరపాట్లు అన్ని సైట్లలోనూ ఒకేలా ఉంటాయి. వాక్యంలో ఉన్న రూపాన్ని కాక మూలరూపాన్నే టైపు చేయాలి: ‘పుటింగ్ అప్’ కాదు, ‘పుట్ అప్’. రెండు మాటల మధ్య ఖాళీ వదలాలి. కలిపి రాస్తే ‘గెటవే’, ‘సెటప్’, ‘బ్రేక్‌డౌన్’ అనే నామవాచకాల దగ్గరికి వెళ్తారు. ‘గెట్ అవే’ అని ఆపేస్తే తప్పించుకోవడం, సెలవు మీద వెళ్ళడం లాంటి అర్థాలు వస్తాయి. తప్పు చేసి శిక్ష పడకుండా బయటపడడం అన్న అర్థం కావాలంటే ‘విత్’ దాకా టైపు చేయాలి. వాక్యంలో ఆబ్జెక్ట్ మధ్యలో ఉంటే దాన్ని తీసి దగ్గరకు చేర్చి వెతకాలి. ‘టాక్డ్ హర్ సిస్టర్ అవుట్ ఆవ్ ఇట్’ చదివినవాడు ‘టాక్ అవుట్ ఆవ్’ అని వెతకాలన్నమాట. సంక్షేపాల్లో ‘ఎస్‌బి’ అంటే సమ్‌బడీ, ‘ఎస్‌టిహెచ్’ అంటే సమ్‌థింగ్.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివాళ్ళకు: మెలొడీ గార్నియే, నార్బర్ట్ ష్మిట్ అనే పరిశోధకులు 2015లో ఎక్కువ వాడుకలో ఉన్న 150 ఫ్రేజల్ వెర్బ్‌ల జాబితా ప్రచురించారు. ‘గో ఆన్’, ‘పిక్ అప్’, ‘కమ్ బ్యాక్’ లాంటివి అందులో ముందు వరసలో ఉంటాయి. ఒక్కోదానికి ఎక్కువగా వాడే అర్థాలే ఇచ్చారు. పేజీలకు పేజీలు బట్టీ పట్టడం కన్నా ఆ 150ని ఈ నిఘంటువుల్లో శుభ్రంగా చూసుకోవడం మేలు. అయితే అందులో ఉన్నవి రెండు మాటల కూర్పులు కాబట్టి, మూడు మాటల కూర్పుల సంగతి మనమే చూసుకోవాలి.

చూసుకోవడం అంటే ఇలా. మొదట బ్రిటానికాలో వరస చూడాలి, ఒక వరస ఉందో రెండున్నాయో తేలుతుంది. లాంగ్‌మన్‌లో చివరి ప్రిపోజిషన్, ‘ఇంగ్’ సంగతి చూసి ఆడియో వినాలి. ఇంకా అనుమానం మిగిలితేనే కోబిల్డ్ నమూనా. నోటు పుస్తకంలో తెలుగు అర్థం ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. ‘పుట్ ఆఫ్: వాయిదా’ అని కాక ‘పుట్ ఇట్ ఆఫ్, పుట్ ఆఫ్ గోయింగ్’ అని రెండు ముక్కలు రాసుకోవాలి. మొదటి ముక్కలో సర్వనామం చోటు ఉంది, రెండో ముక్కలో క్రియా రూపం ఉంది. మూడో రకానికైతే ‘గెట్ అవే విత్ ఇట్, గెట్ అవే విత్ లయింగ్’. ప్రతి నమోదులోనూ ‘ఇట్’ తప్పనిసరి. మిగతా నియమాలు గుర్తు లేకపోయినా ఆ ‘ఇట్’ ఎక్కడ కూర్చుందో చూస్తే వాక్యం కట్టుకోవచ్చు.

రాతలో మిగిలే ఆఖరి చిక్కు ఖాళీది. పార్టికల్ ‘ఇన్’, ప్రిపోజిషన్ ‘టు’ పక్కపక్కన పడినప్పుడు వాటిని కలిపి ‘ఇంటు’ చేసేయాలని వేళ్ళు ఉబలాటపడతాయి. ‘లాగ్ ఇన్’ దగ్గర ‘లాగ్ ఇన్ టు’, ‘లాగ్ ఇంటు’ రెండూ వాడుకలో ఉన్నాయి, నష్టం లేదు. ‘టర్న్ ఇన్’ దగ్గర అలా కుదరదు. ‘హి టర్న్డ్ హిమ్‌సెల్ఫ్ ఇన్ టు ద పొలీస్’ అంటే పోలీసులకు లొంగిపోయాడు. ఆ ఖాళీ తీసేస్తే తనే పోలీసుగా మారిపోయాడన్నట్టుంటుంది. ‘టర్న్ ఇన్’కూ ‘టర్న్ ఇంటు’కూ ఐదు నిఘంటువుల్లోనూ వేర్వేరు నమోదులున్నాయి, తేడా తెలియకపోతే రెండూ ఒకసారి తెరిచి చూసుకోవాలి.